తోమిన వెండి ముఖం

మా ఊరి అమ్మవారికి వెండి ముఖకవచం ఉంది. ఈ ఏడు తిరునాళ్ల తర్వాత, అసలు కవచాన్ని పూజారి అమ్ముకుని నకిలీది పెట్టాడని పుకారు పుట్టింది. రెండేళ్ల కిందట గుంటూరు వర్క్‌షాపులో దాన్ని స్కాన్ తీయించి ఆ కొలతలు దాచారు. ఇప్పుడు మళ్ళీ తీయించి, రెండూ పోల్చి చూడాలన్నారు. దేవుణ్ణి నమ్మనివాణ్ణి కనుక ఎవరి పక్షమూ వహించనని పూజారికి తోడుగా నన్ను పంపారు. తేడా వస్తే ఆయన చేతిలోంచి గుడి తాళాలు పోతాయి.

ఆ వర్క్‌షాపులోని స్కాన్ పరికరం వస్తువు మీద వెలుగు చారలు వేస్తుంది. చార ఎక్కడ ఎంత వంగిందో కెమెరా చూసి ఎత్తుపల్లాలు లెక్కకడుతుంది. తెర మీద పాత ముఖం పైకి కొత్త ముఖం వచ్చి కూర్చుంది. బుగ్గల మీద గుంటలు. ముక్కు సగం లేదు. నుదురంతా ఎరుపు. ఎరుపంటే తేడా.

పూజారి వైపు చూశాను. ఇరవయ్యేళ్లుగా రోజూ పొద్దున్నే నాతో వాదించి, కాఫీ తాగి వెళ్లే మనిషి ఈయన!

"యంత్రానికి భక్తీ లేదు, భయమూ లేదు. అబద్ధమాడదు," అన్నాను. అక్కడి నుంచే గుడి కమిటీ పెద్దకు ఫోన్ చేసి చెప్పేశాను.

పూజారి వంగి తెర మీది ఎరుపునే చూస్తున్నాడు. స్కాన్ తీసే అమ్మాయి మాత్రం కవచాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్నెవరైనా తోమారాండీ?"

"నేనేనమ్మా. నిన్న విభూతి పెట్టి గంటసేపు తోమా. మసిబారిన మొహంతో అమ్మవారిని ఊరు దాటిస్తామా?"

"మరి పోయినసారి?"

"గుళ్లోంచి ఉన్నపళంగా పట్టుకొచ్చారు. పొగచూరి ఉందప్పుడు."

"అదేనండీ సంగతి! ఇంత మెరిస్తే ఇది అద్దమే. చారలు దీని మీద నిలవవు, ఇంకెటో పోతాయి. కెమెరాకి లేని గుంటలు కనిపిస్తాయి. మాస్టారు ఫోన్ చేసేముందు ఒక్క మాట అడగాల్సింది."

సన్నటి తెల్లపొడి చల్లి మెరుపు చంపి, మళ్ళీ తీసింది. ఎరుపంతా పోయింది. ముక్కుతో సహా అదే ముఖం.

తాయెత్తు కట్టుకున్నవాణ్ణల్లా "ఇదెలా పనిచేస్తుందో అడిగావా?" అని సభల్లో నిలదీసిన నోరిది. ఈ యంత్రం గురించి ఆ ప్రశ్న నేనడగలేదు. చేతులు జోడించలేదు, అంతే తేడా.

మళ్ళీ ఫోన్ చేశాను. యంత్రం పొరబడిందన్నాను.

"ఏంది మాస్టారూ, అబద్ధమాడదంటిరి, గంటలో నేర్చిందా?" పెద్ద పగలబడి నవ్వాడు. "పంతులు ఏడిస్తే కరిగిపోయారా ఏంది? ఆయన ఇంటికెళ్లి తాళాలు తెచ్చేశాం."

ఆ గొంతు పక్కనే ఉన్న పూజారికీ వినపడింది. నా చెయ్యి పట్టుకున్నాడు.

"యంత్రం మాట వదిలెయ్యండి. మీరు పొరబడ్డారని చెప్పండి. ఆ మాట మీ నోట ఊళ్ళో ఎవరూ వినలేదు. నమ్ముతారు."

చెప్పాను. అవతల నవ్వు ఆగిపోయింది.

"మీరా, మాస్టారూ?" అన్నాడు పెద్ద. "సరే, తాళాలు నేనే తీసుకెళ్లి ఇచ్చొస్తా" అన్నాడు.