వైర్ల మామయ్య చెవులు

చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా వైర్ల మామయ్య గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టగా చూసిన మనిషి లేడు. బంతులు మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి. ఒకసారి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశాడు. తెల్ల వైరు మాత్రం రెండు చెవుల్లోంచి దిగి, గడ్డం కింద ఒకటై, చొక్కా జేబులోకి వెళ్ళి తీరేది.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగిన మనిషికి, రిటైరయ్యాక కూడా ఒంటిమీద వైరు లేకపోతే తోచదు కాబోలు అనుకునేది మేనకోడలు. ఆమె ఆ మైదానం ఆఫీసులో సహాయ కార్యదర్శి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

గోల్ఫులో బంతి దారితప్పి ఎవరిమీదికైనా వెళ్తుంటే కొట్టినవాళ్ళు "ఫోర్" అని కేకపెట్టాలి. తల కాచుకోమని అర్థం. మామయ్యతో ఆడే పళ్ళ డాక్టరు కొట్టిన బంతుల్లో సగం ఆ కేక కోసమే పుట్టేవి.

"ఫోర్... ఫోర్..." అని ఆయన గొంతు చించుకునేవాడు.

అంత అరిస్తే మామయ్యకు అరకొరగా అందేది. "నాలుగెక్కడండీ, నావి ఏడు దెబ్బలయ్యాయి," అని నిజాయితీగా లెక్క చెప్పేవాడు.

సరిగ్గా ఆ క్షణంలోనే ఆయన బూటు లేసు ఊడేది. ముడి వేసుకోడానికి వంగేవాడు. బంతి వీపు మీదుగా వెళ్ళిపోయేది. ఒక్క ఏడాదిలో ఇలా పదకొండుసార్లు జరిగింది. "ఈయన ఆయుష్షంతా లేసులోనే ఉంది," అనేవాడు డాక్టరు.

ఇంత ప్రమాదమని తెలిసీ అందరికీ మామయ్యతోనే ఆడాలని ఉండేది. పొద్దున్నే మంచు ఇంకా గడ్డిని వదలని వేళ, నీళ్ళు చిమ్మే గొట్టాలు తమలో తాము గుసగుసలాడుకునే వేళ, ఆయన పక్కన నడుస్తుంటే ఒంటరిగా ఉన్నట్టూ ఉండేది, తోడున్నట్టూ ఉండేది. రోగులతో తేనెలా మాట్లాడే డాక్టరు ఆయన పక్కన బంతిని నోరారా తిట్టేవాడు. "గుండ్రంగా పుట్టావు కదరా వెధవా, గుంటలోకి దొర్లడానికేం రోగం?" భార్య పోయి మూడేళ్ళైన దర్జీ, గుంట దగ్గర బంతి మీదికి వంగి ఆవిడతో మాట్లాడేవాడు. "ఏమంటావే, ఇంకొంచెం ఎడమకా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడు కొట్టేవాడు. మామయ్య వైరు సవరించుకుంటూ మబ్బుల వైపు చూసేవాడు.

మేనకోడలికి నత్తి. 'ప', 'బ' అక్షరాలు పెదాల దగ్గరే మొరాయించేవి. ఆ ఏడు మైదానం అధ్యక్షుడు ఆమెను పిలిచి, "సర్వసభ్య సమావేశంలో కొత్త నియమం నువ్వే చదవాలి. చదివావంటే నిన్ను పర్మనెంటు చేస్తాం," అన్నాడు. నియమం ఏమిటంటే, ఆటలో ఎవరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదు. అది ఎవరి చెవుల మీద పెట్టిన నియమమో చెప్పనక్కర్లేదు.

నెల్లాళ్ళు ఆమె మామయ్య పక్కన నడుస్తూనే ఆ కాగితం పైకి చదివింది. వినపడని మనిషి ముందు సిగ్గెందుకు? "ప-ప-పక్కవారి కేక వినపడక ప్రమాదం..." అని మొదలుపెట్టి, పదో గుంట దాటేసరికి మాటలు మంచులా తేలిపోతూ వచ్చేవి. ఆయన్ని చూస్తే గుండె కలుక్కుమనేది. ఏ పాట వింటున్నాడో, తలూపుతూ నడిచేవాడు.

సమావేశం రేపనగా, ఆమె కాగితంలో మునిగి ఉన్నప్పుడు వెనక ఎక్కడో "ఫోర్" అన్న కేక వినపడింది. అది తన కోసమని ఆమెకు తట్టేలోపు మామయ్య ఆమె మెడ పట్టి వంచేశాడు. బంతి తల మీదుగా రివ్వుమని పోయింది. ఆ కుదుపుకి వైరు ఆయన జేబులోంచి జారి వేళ్ళాడింది. దాని కొస దేనికీ తగిలించి లేదు.

"మామయ్యా, నీకు వినపడుతోందా?"

"ఎప్పుడు వినపడలేదు గనక?"

"మరి నెల్లాళ్ళుగా నేను చదివింది?"

"మూడో వాక్యం మెత్తగా ఉందమ్మాయ్. తిట్టేటప్పుడు గట్టిగా తిట్టాలి."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎందుకు మామయ్యా ఇదంతా?"

"లైన్లు సరిచేసేటప్పుడు ఎవరెవరి మాటలో చెవిన పడేవి. విన్నది అక్కడే వదిలేసి స్తంభం దిగేవాణ్ణి. ఇక్కడా అంతే." ఆయన వైరు చుట్టుకున్నాడు. "నీ నియమం మంచిదే. నేనంటే కేక విని లేసు వంకతో వంగేవాణ్ణి, ఇంకెవడైనా నిజంగానే పాటలు వింటూ తిరిగితే తల పగులుతుంది. నువ్వు చదువు. కాకపోతే ఆ దర్జీగారి సంగతే ఆలోచిస్తున్నాను."

మర్నాడు నిండు సభలో ఆమె 'ప్రమాదం' దగ్గర ఆగిపోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ముందు వరసలోంచి మామయ్య లేచాడు.

"ఈ అమ్మాయి చెప్పేది నేనొప్పుకోను. నా చెవులు, నా ఇష్టం."

నాటకమని తెలిసినా ఆమెకు ఒళ్ళు మండింది. "చెవులు నీవే మామయ్యా, బంతి పక్కవాళ్ళది. అది తగిలి పడిపోతే పరుగెత్తుకొచ్చేది మేము. పాట ఇంటికెళ్ళి వినొచ్చు, పోయిన కన్ను ఎక్కణ్ణించి తెస్తావు?" అంది. అదే ఊపులో కాగితం చివరిదాకా చదివేసింది. రెండుచోట్ల మాట తట్టుకుంది గానీ ఎవరూ పట్టించుకోలేదు. నియమం నెగ్గింది. వ్యతిరేకంగా వచ్చింది ఒక్క ఓటే. సాయంత్రానికి ఆమె ఉద్యోగమూ పర్మనెంటైంది.

ఆ మర్నాడు మామయ్య ఉత్త చెవులతో వచ్చాడు. మొదటి గుంట దగ్గర దర్జీ వంగి, నోరు తెరిచి, మామయ్య చెవులు చూసి నోరు మూసుకున్నాడు. బంతి పక్కకు పోయింది. రెండో గుంట దగ్గరా అంతే. ఆయన ముఖం చిన్నబోయింది.

మామయ్య చిటికెన వేలు చెవిలో పెట్టి తిప్పాడు. "ఏమనుకోకండి, నాతో గట్టిగా మాట్లాడాలి. పాటలు విని విని రెండు చెవులూ పోయాయి. డాక్టరు తేల్చేశాడు."

"ఏ డాక్టరండీ?"

"లేదండీ, బస్సులోనే వచ్చాను."

దర్జీ నమ్మీ నమ్మనట్టు మేనకోడలి వైపు తిరిగాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, చెట్ల మీది పిట్టలు లేచిపోయేలా, "పక్కకి జరుగు మామయ్యా, ఆయన కొట్టాలి," అని అరిచింది.

"ఆఁ?" అన్నాడు మామయ్య.

దర్జీ నిమ్మళంగా ఊపిరి వదిలి బంతి మీదికి వంగాడు. "విన్నావుటే," అన్నాడు మెల్లగా, "పాపం, మన వైర్లాయనకి చెవుడొచ్చిందట. ఎవరితోనూ అనకు."