బోర్డు మీద పచ్చ లైటు

బాలస్వామి గారికి ఎవరి మాటా కాదనడం చేతకాదు. తాడేపల్లిగూడెంలో మేమిద్దరం ఒకే హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు పనిచేశాం. నేను తెలుగు మాస్టార్ని, ఆయన సైన్సు ల్యాబ్‌లో అసిస్టెంటు. ఎవరైనా పిల్లవాడు పగిలిన బీకరు పట్టుకుని వణుకుతూ వెళ్తే, "పోనీలే బాబూ, గాజు కదా, పగులుతుంది" అనేవారు. అదే నా కంటపడితే వాడి వీపు విమానం మోత మోగేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బాలస్వామి గారికి అసలు ముక్కే లేదని స్టాఫ్ రూంలో వేళాకోళం చేసేవాళ్ళం.

రిటైరయ్యాక ఆయన సొంతంగా ఓ కంప్యూటర్ కూర్చుకున్నారు. స్కూల్లో పారేసిన పాత క్యాబినెట్ అడిగి తెచ్చుకుని, మిగతా సామానంతా ఏలూరు వెళ్ళివచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ పోగుచేసి బిగించారు. లోపలి వైర్లని వాళ్ళావిడ సరోజ గారు వల దారంతో కట్టారు. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంక. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని చిరిగిన వలలు బాగుచేసిన చేతులు కాబట్టి, బెత్తెడుకో ముడి చొప్పున అన్నీ ఒకే తీరుగా వేశారు. ఇంటికి ఎవరొచ్చినా బాలస్వామి గారు క్యాబినెట్ పక్క మూత తీసి ముందు ఆ ముళ్ళు చూపించేవారు. కంప్యూటర్ దేనికో చెప్పడం ఆ తర్వాత.

దానితో ఆయన చేసే పని ఒక్కటే. వాళ్ళ చర్చిలోని పెద్దవాళ్ళని ఒక్కొక్కరినే ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, మైకు ముందు కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పించి రికార్డు చేసేవారు. సాక్ష్యమంటే కోర్టు సాక్ష్యం కాదు. తమ బతుకులో దేవుడు ఎక్కడెక్కడ చెయ్యిపట్టుకుని నడిపించాడో చెప్పుకోవడం. వచ్చినవాళ్ళు దేవుడితో మొదలుపెట్టి, ఊడ్పుల మీదుగా, వరదల మీదుగా, అత్తగారి ఆరళ్ళ దాకా వెళ్ళిపోయేవారు. ఈయన దేన్నీ కత్తిరించేవారు కాదు. ఆ మనిషి పోయాక జ్ఞాపకార్థ కూడికలో ఓ పది నిమిషాలు ఆ గొంతు వినిపించేవారు. ఆరేళ్ళలో యాభై ఎనిమిది గొంతులు పోగయ్యాయి. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాను గానీ, ఆ కూడికలకి మాత్రం వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాణ్ణి.

"ఇన్ని గొంతులూ ఒక్క డబ్బాలోనా? అది పోతేనో?" అని ఓసారి అడిగాను.

"రెండు హార్డ్‌డిస్కులు పెట్టానండి, మాస్టారండీ. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందండి."

ఆ రెండూ ఒకే డబ్బాలో, ఒకే కేబుల్‌కి ఉన్నాయి. అది ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

పోయినేడాది రత్నమాణిక్యం గారని, ఉంగుటూరు నుంచి ఆటోలో ఈ చర్చికి వచ్చే ఒకావిడ పోయారు. పొలం పనులు చేసి ఒక్కగానొక్క కూతురు నిస్సీని నర్సు చదివించిన మనిషి. తల్లి పోయిన రోజున నిస్సీ తణుకులో ఆసుపత్రిలో పురిటి మంచం మీద ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. నెల తర్వాత శనివారం కూడిక పెట్టుకున్నారు. ఆ వారం మొదట్లోనే ఆ పిల్ల బాలస్వామి గారికి ఫోన్ చేసింది.

"అంకుల్, శనివారం అమ్మ గొంతు వినిపిస్తారు కదండీ? పాపని తీసుకొస్తున్నానండి."

"తప్పకుండా అమ్మా" అన్నారీయన.

గురువారం పొద్దున్న కంప్యూటర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

ఫోన్ చేస్తే వెళ్ళాను. ఆయన అచ్చం ల్యాబ్‌లో చేసినట్టే వరసగా చూసుకుంటూ వస్తున్నారు. అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి చూశారు, వెలిగింది. కరెంటు వైరు మార్చారు. మూత తీసి, ర్యామ్ ఊడదీసి, తుడిచి మళ్ళీ పెట్టారు. ఏమీ మార్పు లేదు.

"బోర్డు మీద ఆ పచ్చ లైటు వెలుగుతూనే ఉంది చూడండి" అన్నారు. "కరెంటు లోపలికి వస్తోందండి. ముందు బటన్ సంగతి చూద్దామనుకుంటున్నానండి."

నేనక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ అంతకు ముందు నా కంప్యూటర్ కూడా ఇలాగే మొరాయిస్తే, షాపువాళ్ళు ఎస్.ఎం.పి.ఎస్. మార్చి బాగుచేశారు. అంటే ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చి లోపలి భాగాలకి పంచే పెట్టె. ఒక్క జబ్బు, ఒక్క మందు తెలిసిన వైద్యుణ్ణి నేను.

"బటనేమిటండీ, ఎస్.ఎం.పి.ఎస్. పోయింది. నాదీ ఇంతే. ఎల్లుండి కూడిక పెట్టుకుని ఇక్కడ పరిశోధనలు చేస్తూ కూర్చుంటారా?" అన్నాను. గొంతు కాస్త పెరిగింది కూడా.

ఆయన పచ్చ లైటు వంక ఓసారి చూశారు. "మీరన్నాక కాదంటానా, మాస్టారండీ" అన్నారు.

ఆ మధ్యాహ్నమే నేను రైలెక్కి ఏలూరు వెళ్ళి కొత్త పెట్టె తెచ్చాను. పాత కంపెనీది దొరకలేదు, వేరే కంపెనీది ఇచ్చారు. ఏదో ఘనకార్యం చేసినట్టు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చాను.

శుక్రవారం పొద్దున్న బిగించడానికి కూర్చున్నాం. బోర్డుకి వెళ్ళే పెద్ద కేబుల్ కొత్త పెట్టెకి అతుక్కునే వచ్చింది. హార్డ్‌డిస్కులకి వెళ్ళేది మాత్రం రెండు వైపులా ఊడే రకం. దానికీ కొత్త కేబుల్ ఇచ్చారు. అది వెయ్యాలంటే పాతది తీయాలి, పాతది తీయాలంటే సరోజ గారి ముళ్ళు కోయాలి. పదకొండు ముళ్ళు. బాలస్వామి గారు కత్తెర పట్టుకుని ఆగిపోయారు.

సరోజ గారు వంటింట్లోంచి తొంగిచూశారు. "కోసెయ్యండి. మళ్ళీ కడతాను, అరగంట పని."

"ఎందుకులే సరోజా. పాత కేబులే ఇందులో దూరుతుందేమో చూస్తాను."

దూరింది.

"దూరిందంటే సరిపోయినట్టే" అన్నది మళ్ళీ నేనే. పైకి ఒకేలా కనిపించినా లోపల ఏ తీగ ఎటు పోవాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుందని మా ఇద్దరికీ తెలియదు. అయిదు వోల్టులు పోవాల్సిన దారిలో పన్నెండు పోతాయని తెలియదు. ఆ యాభై ఎనిమిది మందీ ఆ కేబుల్ చివరే ఉన్నారు.

బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. నా మొహం మాడిపోయింది. ఆయన బటన్ నుంచి బోర్డుకి వచ్చే రెండు సన్న తీగలు ఊడదీసి, వాటి కిందున్న పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపారు. ఫ్యాను తిరిగింది. అంటే పోయింది బటనే. "వచ్చిందండీ" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కాలిన వాసన వేసింది.

ప్లగ్గు లాగేశారు. రెండు డిస్కులూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. వాటిని ఆ తర్వాత ఏలూరులో చూపించాం, హైదరాబాదు పంపించాం. మూడు వారాలకి, ఏమీ తీయలేమన్న చీటీతో తిరిగొచ్చాయి. కానీ పుట్టి మునిగిందని మాకు ఆ శుక్రవారమే తెలుసు. ముందే ఆ స్క్రూడ్రైవర్ పని చేసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఆయన చేద్దామన్నది అదే. చెయ్యనివ్వనిది నేను.

శనివారం కూడికలో నిస్సీ నెల పిల్లని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. బాలస్వామి గారు లేచి నిలబడ్డారు.

"అమ్మా నిస్సీ, మీ అమ్మగారి గొంతు నా చేతుల్లో పోయింది. తొందరపడ్డానమ్మా. నన్ను క్షమించు."

నా పేరు ఎత్తలేదు. వెనక వరసలో ఉన్న నేను లేచి, 'తొందరపెట్టింది నేనమ్మా' అనడానికి రెండు ముక్కలు చాలు. ఏళ్ళ తరబడి పిల్లల్ని లేపి నిలబెట్టి నిజం చెప్పమని గద్దించినవాణ్ణి, కదలకుండా కూర్చున్నాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

నిస్సీ ఏడవలేదు. "పోనీలెండి అంకుల్. అమ్మ గొంతు నా చెవుల్లో ఉందండి" అంది. పాప తల మీద గుడ్డ సర్ది, "దీనికి ఎలా వినిపించాలో తెలియట్లేదండి" అంది.

తర్వాత సరోజ గారే కత్తెర తీసుకుని ముళ్ళన్నీ కోసి, కొత్త డిస్కులకి కొత్త కేబుల్ వేయించి మళ్ళీ కట్టారు. అరగంట కూడా పట్టలేదు. యాభై ఎనిమిది మందిలో ఇంకా బతికున్నది ముప్పై ఒక్కరు. వాళ్ళని ఆయన మళ్ళీ పిలుచుకుని రికార్డు చేస్తున్నారు. ఒక కాపీ చర్చిలో, ఒక కాపీ మా ఇంట్లో ఉంచుతున్నారు.

పోయిన వారం నన్ను కూడా పిలిచారు. "మీరు మా చర్చి కాకపోతే ఏమండీ, మీ గొంతు కూడా ఉండాలి కదండీ" అన్నారు. మైకు ముందు కూర్చున్నాను. క్యాబినెట్ పక్క మూత తీసే ఉంది, పచ్చ లైటు కనిపిస్తోంది. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం అని రాసుకొచ్చిన కాగితం జేబులో పెట్టేసి, ఆ గురువారం ఆయనేమన్నారో, నేనేమన్నానో చెప్పాను. కూడికలో లేవలేదని కూడా చెప్పాను.

ఆయన చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. "అదెందుకండీ ఇప్పుడు. తీసేస్తానండి."

"మీరు ఎవరిదీ కత్తిరించరు కదండీ. నాదీ అలాగే ఉంచండి. ఇది నిస్సీకి వినిపించండి."

ఆయన కాదనలేదు. ఆ పాపకి కావలసిన గొంతు నాది కాదని మా ఇద్దరికీ తెలుసు.