లాంతరు మీద నాన్న పేరు

కరోనా రెండో ఏడు నేను షార్జాలో, రోలాలోని మా అద్దె గదిలో కూర్చునే జపాన్ చదువు చదివాను. విద్యార్థుల మార్పిడి కింద అక్కడి యూనివర్సిటీలో ఒక సెమిస్టరు సీటు వచ్చింది గానీ విమానం ఎక్కే యోగం రాలేదు. క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోనే. నాన్న ఉమ్ అల్ క్వైన్‌లో ఇనప షెడ్లు చేసే ఫ్యాక్టరీలో వెల్డరు. కంపెనీ క్యాంపులో ఉంటూ గురువారం సాయంత్రాలు ఇంటికొచ్చేవాడు. "దుబాయ్‌లో కూర్చుని జపాన్ చదువా! ఇదేం చోద్యమే!" అని నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడా, క్యాంపంతా చాటింపు వేశాడు.

జులైలో యూనివర్సిటీ వాళ్లు కొరియర్‌లో ఒక పొట్లం పంపారు. మడతపెట్టిన కాగితపు లాంతరు, చిన్న కొవ్వొత్తి, బొమ్మలున్న ఒక కాగితం. వేసవి పండగ రోజు అందరం కెమెరా ముందు లాంతరు వెలిగించాలట. బొమ్మలో ఒక కుటుంబం లాంతరు పట్టుకుని గుమ్మంలో ఎవరికోసమో ఎదురుచూస్తోంది. ఈ వెలుగు చూసుకుంటూ మనవాళ్లు ఇంటికొస్తారు, లాంతరు మీద వాళ్ల పేరు రాయండి, అని కింద రెండు ముక్కలు. వెనక పేజీలో ఇంకా చాలా ఉంది. నేను తిప్పి చూడలేదు. చూసే ఓపిక ఎక్కడేడ్చింది?

అప్పటికి నాలుగు రోజులుగా నాన్న ఫోను కలవడం లేదు. ఆదివారం మాట్లాడినప్పుడు "కాస్త జ్వరం, పనడాల్ వేసుకున్నా, తగ్గిపోద్ది" అన్నాడు. మర్నాడు అంబులెన్సులో తీసుకెళ్లారని క్యాంపులో ఎవరో చెప్పారు. ఏ ఆసుపత్రికో ఒక్కడికీ తెలీదు. క్యాంపు బాస్‌ని అడిగితే ముదీర్‌ని, అంటే మేనేజర్ని, అడగమంటాడు. ముదీర్ ఫోనెత్తడు. అమ్మ వంటకు వెళ్లే ఇళ్లన్నీ మానేసి, ఫోను ఒళ్లో పెట్టుకుని గోడకు జారగిలబడి కూర్చుంది.

నేను లాంతరు మీద తెలుగులో, ఇంగ్లీషులో నాన్న పేరు రాశాను. ఇంటికి రావలసినవాడు ఆయనే కదా! ఇక్కడ పెరిగినదాన్ని. మా చుట్టుపక్కల ప్రతి గదికీ ఎక్కడో ఒకచోట ఇంటికి చేరని మనిషి ఉంటాడు, బతికే ఉంటాడు. నాకు ఇంకో అర్థం ఎలా తోస్తుంది?

"బానే రాశావు. వెలిగించు. ఏ దేవుడైతే ఏంటి మనకి," అంది అమ్మ.

పండగనాడు అక్కడ సాయంత్రం ఏడైతే మాకు మధ్యాహ్నం రెండు. తెర మీద చీకటి పడుతున్న మైదానం, ఎర్ర లాంతర్ల వరసలు, మధ్యలో చెక్క మంచె, దానిమీద పెద్ద డోలు. మాస్కులు పెట్టుకున్న పదిమంది ఎడంఎడంగా దాని చుట్టూ తిరుగుతూ ఆడుతున్నారు. మా కిటికీ అవతల ఎండ మాడ్చేస్తోంది. చేతులు ఇలా తిప్పండి, అలా తిప్పండి అని వాళ్లు చెబుతుంటే నేనూ తిప్పాను. హాజరు వేస్తారు మరి. ఛీ, ఏం మొహం పెట్టుకుని తిప్పానో!

డోలు ఆగింది. మా టీచరమ్మ, అరవై దాటిన మనిషి, ఒక్కొక్కరినీ లాంతరు చూపించమంది. ఒకమ్మాయి తన తాతగారి పేరు చూపించి, పోయిన చలికాలంలో చనిపోయారని చెప్పింది. ఒకబ్బాయిది చిన్నప్పుడే పోయిన చెల్లెలి పేరు. గబగబా ఆ బొమ్మల కాగితం తిప్పాను. ఈ పండక్కి ఇంటికొచ్చేది చచ్చిపోయినవాళ్లు. వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, చివర్న దీపం ఆర్పి సాగనంపాలి.

ఈలోపు నా వంతు రానే వచ్చింది. టీచరమ్మ నాన్న పేరు కూడబలుక్కుని చదివి, ఎవరని అడిగింది. "మా నాన్న" అన్నాను. ఇంకో మాట అనేలోపే ఆవిడ కళ్లు మూసుకుని నడుం దాకా వంగింది. తెర మీద గళ్లుగళ్లుగా ఉన్న తలలన్నీ వంగాయి.

అమ్మకు ఇంగ్లీషు రాదు. దణ్ణాలు మాత్రం చూసింది. "ఎంత మంచోళ్లే! మీ నాన్న కోసం అందరూ మొక్కుతున్నారు," అంటూ కళ్లొత్తుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా నాన్న బతికే ఉన్నాడు!" అని తెలుగులోనే అరిచాను. తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. టీచరమ్మ క్షమించమంటూ ఇంకా కిందికి వంగింది. పాపం, ఆవిడేం చేసింది? చేసిందంతా నేను. ల్యాప్‌టాప్ మూసేశాను.

"కాదని ఎవరన్నారే?" అని అమ్మ నా రెక్క పట్టుకుంది. చెప్పక ఏం చేయను? చెప్పాను. అమ్మ లాంతరు కేసి చూసింది. "ఆర్పావంటే చంపేస్తాను," అంది. గాలి తగులుతుందని ఏసీ కట్టేసి, రెండు చేతులూ దానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పేరు కొట్టేద్దామని పెన్ను తీశాను. నాన్న పేరు మీద గీత ఎలా గీస్తాను? పెన్ను విసిరికొట్టాను. ఆ ఉక్కలో చెమటలు కారుతూ ఇద్దరం ఆ కొవ్వొత్తికి కాపలా కాశాం.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను.

"చెల్లె, నేను మీ నాయిన పక్క మంచం మనిషిని. నాదీ ఉమ్ అల్ క్వైనే. గీడ వార్డుల ఉన్నం. ఆయన ఫోను ఖలాస్ అయింది. నంబరు చిట్టీ మీద రాసిచ్చిండు. ఆక్సిజన్ మాస్క్ వెట్టిన్రు, మాట్లాడనీకి వస్తలేదు గని ఇంటుండు. చెవి కాడ వెడ్త, మాట్లాడు. యల్లా, జల్ది, నర్సమ్మ వస్తది."

ముందు అమ్మకిచ్చాను. అమ్మ వల్ల కాలేదు. ఫోను నా చేతిలో పెట్టి నోట్లో కొంగు కుక్కుకుంది. అవతల బుస్సు బుస్సుమని గాలి శబ్దం. "తొందరగా ఇంటికొచ్చెయ్ నాన్నా" అని వారం వారం అనే మాటే నోటిదాకా వచ్చింది. ఆ లాంతరు ఎదురుగా పెట్టుకుని ఆ మాట ఎలా అనను?

"నాన్నా, ఇంటికి రాకు," అన్నాను. "నీకు పుణ్యముంటుంది, ఇప్పుడే రాకు. అక్కడే ఉండు."

"ఏం మాటలే అవి!" అని అమ్మ నా భుజం పట్టుకుని కుదిపేసింది. ఫోను కట్టయింది.

మూడో రోజున ఆయన్ని అట్నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. మమ్మల్ని చూడనివ్వలేదు. నాన్న నా మాట ఏనాడూ కాదనలేదు. ఇంటికి రాలేదు.