తెప్ప విప్పడానికి అనుమతి

బాపట్ల నుంచి సముద్రానికెళ్లే రోడ్డు మీద మా మ్యూజియం ఉంది. చేపలు పట్టేవాళ్ల పాత సామాన్లు పెట్టిన మ్యూజియం. బీచికి వెళ్లేటప్పుడు మమ్మల్ని ఎవరూ చూడరు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆగుతారు, బాత్రూం ఉందని. టికెట్టు కొన్నవాళ్లకే బాత్రూం అని నేను పెట్టిన రూలు వల్ల చాలామందికి మత్స్యకారుల చరిత్ర మీద ఆసక్తి కలిగింది.

నాది తెనాలి. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందా, బడిని నేను వదిలేశానా అన్నది ఇంకా తేలలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు సినిమాహాలు గేటు దగ్గర టికెట్లు చింపాను. హాలు కల్యాణమండపం అయిపోయాక, చింపడం వచ్చు కదా అని ఇక్కడ పెట్టుకున్నారు. రోజూ పొద్దున తెనాలిలో పాసింజరు ఎక్కి బాపట్లలో దిగుతాను. టికెట్టు ఇచ్చేది నేనే, తలుపు దగ్గర చింపేది నేనే, లోపల నిలబడి వలల గురించి చెప్పేదీ నేనే. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా అది ఉప్పగా ఉంటుందని. అయినా చెబుతాను, జనం నవ్వుతారు. నవ్వే మనిషి ఎదురు ప్రశ్న వేయడు.

మొత్తం ముగ్గురం. నేను, మేడం, బాబాయ్.

మేడం మా ఇన్‌చార్జి. ఇల్లు తెనాలి పక్కనే అంగలకుదురు, రోజూ నేనెక్కే పాసింజరులోనే వస్తారు. నాన్నగారు మిషన్ బళ్లో టీచరు కావడం వల్లనేమో, ఉత్తరం రాస్తే ఒక్క కొట్టివేత ఉండదు. పై ఆఫీసుకి అంత అందంగా రాసేవాళ్లు ఇంకెవరూ లేరని నా నమ్మకం. వాటిని చదివేవాళ్లు కూడా ఎవరూ లేరు, అది వేరే సంగతి.

బాబాయ్ నాకు బంధువేం కాదు. రేపల్లె అవతల సముద్రం ఒడ్డు పల్లె ఆయనది. డెబ్బై దాటాయి. ఊడవడం, కాపలా ఆయన పని. వెనక గదిలో ఉంటాడు, పదిహేను రోజులకోసారి రేపల్లె బస్సెక్కి ఇంటికెళ్లొస్తాడు. అసలు ఆయన ఉద్యోగం కోసం రాలేదు. తన తెప్ప వెంట వచ్చాడు.

నడిమి హాల్లో ఉండే ఆ తెప్పే మా మ్యూజియంలో అన్నిటికన్నా పెద్ద వస్తువు. ఐదు పొడుగాటి దుంగలు, వాటిని కలిపి బిగించిన కొబ్బరి తాళ్లు, అంతే. పడవకున్నట్టు అంచులుండవు. దుంగల మీదే కూర్చుని అలల్లోకి వెళ్లాలి. బాబాయ్ ముప్పై ఏళ్ల పైచిలుకు దాని మీద వేట చేశాడు. ఇంజను బోట్లు వచ్చాక ఆ పల్లెలో తెప్పలన్నీ ఒక్కొక్కటీ పొయ్యిలోకి వెళ్లాయి. మ్యూజియం కోసం పాత సామాన్లు వెతుక్కుంటూ మనుషులొస్తే, ఇదొక్కటైనా మిగులుతుందని ఇచ్చేశాడు. దాన్ని చూసుకోడానికి తనూ వస్తానన్నాడు. రోజుకూలీ కింద రాసుకున్నారు.

తెచ్చినవాళ్లకూ దాన్ని బాగా చూసుకోవాలనే ఉంది. కాంట్రాక్టరు ఒకాయన కట్టిన తెప్పను కట్టినట్టే ఉంచి, పైనా కిందా రెండు పూతలు వార్నిష్ కొట్టించాడు. పెళ్లికొడుకులా మెరిసిపోయింది. చుట్టూ గొలుసు కట్టి ‘తాకరాదు’ అని బోర్డు పెట్టారు.

బాబాయ్‌ది మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే మాట.

“దాన్ని విప్పాలబ్బాయ్.”

“ఎందుకు బాబాయ్, ఉక్కపోస్తుందా దానికి?”

“ఎకసెక్కాలాడమాక. వేట నుంచి రాగానే ఒడ్డున తాళ్లు విప్పేస్తాం. ఏ దుంగకాదుంగ విడదీసి ఎండలో పడేస్తాం. ఓ పక్క ఆరాక రెండో పక్కకి తిప్పుతాం. మళ్లీ వెళ్లే పొద్దున కట్టుకుంటాం. కట్టింది కట్టినట్టే ఉంచితే తడి లోపలే ఉండిపోద్ది. కుళ్లుద్ది.”

“తడెక్కడిది? అది సముద్రం మొహం చూసి ఎన్నాళ్లయిందని.”

“వాన మొహం చూస్తంది కదా.”

అదీ నిజమే. నడిమి హాలు కప్పు సరిగ్గా తెప్ప మీదే కారుతుంది. వానాకాలం మేం దాని మీద రెండు బకెట్లు పెడతాం. చూడ్డానికొచ్చినవాళ్లు, చేపలు పట్టే పద్ధతుల్లో అదొకటి అనుకుంటారు.

మేడం ఉత్తరాలు రాశారు. ప్రదర్శనలో ఉన్న వస్తువును పై ఆఫీసు అనుమతి లేకుండా విడదీయకూడదని రూలు. అనుమతి అడిగారు, కప్పు బాగుచేయమని అడిగారు, కనీసం ఎవరినైనా పంపి చూపించమన్నారు. జవాబు లేదు.

కిందటేడు వానలు తగ్గాక ఒక పొద్దున ఊడుస్తూ బాబాయ్ నన్ను పిలిచాడు. దుంగల కింద సన్నటి తెల్లపొడి. వేళ్ల మధ్య నలిపి నాకు చూపించాడు.

“పురుగు పడిందబ్బాయ్.”

ఊడ్చాడు. మర్నాడు మళ్లీ ఉంది.

ఆ నెలలోనే పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. మేడం అంతా ఆలోచించి పెట్టారు. ఆ రోజు పొడి ఊడవకూడదు, ఆయన కళ్లతో చూడాలి. చూసి అడుగుతాడు. అప్పుడు బాబాయే చెప్పాలి.

“కాయితం అయితే పక్కన పడేస్తారు బాబాయ్ గారూ. తెప్ప మీద బతికిన మనిషి చెబితే వినకేం చేస్తారు?” అన్నారు.

బాబాయ్ రేపల్లె నుంచి ఇస్త్రీ చొక్కా తెచ్చుకున్నాడు. చెప్పాల్సిన మాట వరండాలో తిరుగుతూ రెండ్రోజులు నేర్చుకున్నాడు. ‘అయ్యా, ఈ తెప్ప నాదండి. దీన్ని విప్పి ఆరబెట్టుకోనివ్వండి.’ ఇంతే. నాకు అప్పగించిన పని నోరు మూసుకుని ఉండడం. పాసింజర్లో మేడం నా బోగీ దాకా వచ్చి మరీ గుర్తుచేశారు.

ఆఫీసరు వెనక నలుగురితో వచ్చాడు. భోజనం వేళవుతోంది, నడకలో తొందరుంది. తెప్ప దగ్గర ఆగి కిందకి వంగి చూశాడు.

“ఏంటిది, తెల్లగా?”

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. జనం మధ్య అలాంటి ఖాళీ వస్తే నేను ఆగలేను. సినిమాహాల్లో రీలు తెగినప్పుడు గేటు దగ్గర్నుంచి నేనేదో ఒకటి అనేవాణ్ణి, జనం గోల మానేసి నవ్వేవారు. ఆ అలవాటు నన్నడిగి రాదు.

“తమరు వస్తున్నారని పౌడరు రాశామండి దానికి” అన్నాను.

ఆఫీసరు పగలబడి నవ్వాడు. వెనక నలుగురూ అంతకన్నా గట్టిగా నవ్వారు. ఆయన నా భుజం తట్టి, “హుషారైనవాణ్ణే పెట్టుకున్నారమ్మా” అని మేడంతో అంటూ వలల గదిలోకి వెళ్లిపోయాడు.

“అయ్యా, ఈ తెప్ప...” అన్నాడు బాబాయ్.

“తర్వాత, తర్వాత” అన్నాడు వెనక నలుగురిలో ఒకడు. పది నిమిషాల్లో కార్లు కదిలాయి.

తిరుగు పాసింజర్లో మేడం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బాబాయ్ కూడా తిట్టలేదు. మర్నాడు నేను ఆయన ముందు నిలబడి నసుగుతుంటే, “కావాలని అన్లేదులే” అని చీపురు తీసుకున్నాడు. తిడితే బాగుండేది. తిట్లకైతే నా దగ్గర జవాబులుంటాయి.

అప్పట్నుంచి మేడం రాసిన ఉత్తరాలు పట్టుకుని నేనే ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను. నా మాట నాకన్నా ముందే అక్కడికి చేరింది.

“పౌడరు వచ్చాడ్రోయ్” అనేవాడు గుమాస్తా. “ఏంటయ్యా ఇవాళ, స్నో కూడా రాశారా?”

“కాదు సార్. నిజంగానే పురుగు సార్. కర్ర లోపల డొల్లయిపోతోంది.”

“పురుక్కి టికెట్టు కొట్టావా లేదా?”

గదంతా నవ్వేది. నేను నిజం చెప్పినా అందులో జోకెక్కడుందా అని వెతికేవారు. నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ టీ ఇచ్చారు. ఫైలు నిపుణుల దగ్గరుందన్నారు.

సోమవారం మ్యూజియానికి సెలవు. ఒక ఆదివారం సాయంత్రం బాబాయ్ మేడంని అడిగాడు. “రేపు పొద్దున్నే గొలుసు తీసి విప్పేస్తానమ్మా. సాయంత్రానికి ఎలా ఉన్నదాన్ని అలా కట్టేస్తా. ఎవరికీ తెలవదు.”

మేడం పైకి చూశారు. హాల్లో కెమెరా ఉంది. అది తెప్ప మీదకే తిప్పి ఉంది.

“నాకూ విప్పాలనే ఉంది బాబాయ్ గారూ. తెలిస్తే ముందు మిమ్మల్నే పంపించేస్తారు. మీరు లేకపోతే దాన్ని ఊడ్చేవాళ్లు కూడా ఉండరు.”

“అయితే వద్దులేమ్మా” అన్నాడాయన. మేడం బల్ల ముందు కూర్చుని ఇంకో ఉత్తరం రాశారు.

ఎండాకాలం వచ్చాక జవాబొచ్చింది. మేడం కవరు చించి పైకే చదవసాగారు. “ప్రదర్శనలోని తెప్పను విడదీయుటకు అనుమతి ఇవ్వడమైనది...” అంతవరకు వినగానే బాబాయ్ లేచి, భుజం మీద తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. మేడం అక్కడితో చదవడం ఆపేశారు. కాయితం నా వైపు జరిపారు. శిథిలమైన కారణంగా విడదీసి తొలగించాలట. దాని స్థానంలో ఫైబరు నమూనా పంపుతారట. లారీ ఏ రోజొస్తుందో కూడా రాశారు.

ఇద్దరూ నా మొహం చూస్తున్నారు.

“తీసేయమన్నారు బాబాయ్” అన్నాను.

“విప్పడమైతే నేనే విప్పుతా” అన్నాడాయన.

లారీ వచ్చే రోజు పొద్దున గొలుసు తీశాం. ముళ్లన్నీ వార్నిష్‌తో రాయిలా బిగుసుకుపోయాయి. నేను కత్తి తెస్తే వద్దన్నాడు. తాడు కోయకూడదట. గోళ్లతో, మేకుతో, పళ్లతో ఒక్కో ముడీ విప్పేసరికి పదకొండయింది. దుంగలు ఆవరణలోకి మోశాం. పక్క దుంగలు ఫర్వాలేదు. నడిమి మూడింటి మీద బాబాయ్ చెయ్యి వేస్తే వేళ్లు లోపలికి దిగాయి. ఐదింటినీ వరసగా, మధ్యలో జానెడు సందు వదిలి ఎండలో పరిచాడు.

రెండింటికి లారీ వచ్చింది. డ్రైవరు దిగి దుంగల్ని చూశాడు.

“ఇవేనా బాబాయ్? ఎత్తేద్దామా?”

“ఓ పక్కే ఆరినాయి” అన్నాడు బాబాయ్.

డ్రైవరు నా వైపు చూశాడు. ఏదైనా అనడానికి నాకేం తోచలేదు. మేడం వరండాలోంచి దిగి వచ్చి, టీ తాగుదువుగాని రమ్మని అతన్ని లోపలికి తీసుకెళ్లారు. బాబాయ్ మొదటి దుంగ దగ్గర వంగి నన్ను పిలిచాడు. ఒక్కడి వల్ల తిరగదు. రెండో కొస నేను పట్టుకున్నాను.

“మెల్లగా అబ్బాయ్. విరుగుద్ది.”

మెల్లగానే తిప్పాను.