తోటికోడలి వంటింటి గోడ

మా వీధిలో ఆమెను అందరూ బొత్తాలమ్మ అంటారు. చొక్కాల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆమె పని బొత్తాలు కుట్టడం. చొక్కా చిరిగినా ఆమె కుట్టిన బొత్తాం ఊడదని పేరు. భర్త అక్కడే మిషన్లు బాగుచేసేవాడు, బావగారు సరుకు లారీలకెక్కించే చోట మేస్త్రీ. అన్నదమ్ములిద్దరూ నడుమ ఒకే గోడ పెట్టి పక్కపక్కనే రెండిళ్ళు కట్టుకున్నారు.

తోటికోడళ్ళంటే ఒకే ఒరలో రెండు కత్తులంటారు గానీ, వీళ్ళు సూదీ దారంలా మెలిగారు. రెండు వంటిళ్ళకీ మధ్య ఆ గోడే. అవతలి నుంచి పెద్దామె, "చెల్లీ, పాలు పొంగుతున్నట్టున్నాయ్, చూసుకో" అని కేకేసేది.

"నీ ముక్కు మా ఇంట్లో పెట్టి మర్చిపోయావా అక్కా" అని ఈమె నవ్వేది.

బొత్తాలమ్మకు పిల్లలు లేరు. భర్త గుండెపోటుతో పోయినప్పుడు పెద్దామె తన ఇల్లు వదిలేసి నెలల తరబడి ఈమె పక్కనే పడుకుంది.

ఆ తరువాత ఫ్యాక్టరీ మూతపడింది. ముందు పడుచువాళ్ళు ఊరు విడిచారు, వాళ్ళ వెనకే కొట్లు మూశారు, చివరికి బడి కూడా ఎత్తేశారు. ఒకప్పుడు అద్దెకు గది దొరకని వీధిలో, ఊరికే ఉండమన్నా ఉండేవాళ్ళు కరువయ్యారు. బావగారికి దూరంగా వేరే పట్నంలో గోదాము పని దొరికింది. బయల్దేరేటప్పుడు పెద్దామె తాళంచెవి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఫ్యాక్టరీ తెరవగానే వచ్చేస్తామే. కాస్త కనిపెట్టుకుని ఉండు."

బొత్తాలమ్మ వారం వారం ఆ ఇల్లు తెరిచి, ఊడ్చి, గాలి ఆడనిచ్చి మళ్ళీ మూసేది. "ఇల్లు అద్దంలా ఉందక్కా. వచ్చి పొయ్యి వెలిగించుకోవడమే తరువాయి" అని ఫోన్లో చెప్పేది. "సరేలే, నువ్వు తిన్నావా?" అని పెద్దామె మాట మార్చేది.

తక్కిన ఇళ్ళను కనిపెట్టేవాళ్ళు లేరు. దొంగలు కిటికీ చట్రాలు, పైపులు, తీగలు పీక్కుపోయారు. ఒక ఇల్లు అంటుకుని కాలిపోయింది. అప్పుడు కరెంటు మిస్త్రీ, మేమంతా ఫ్యూజన్న అని పిలిచే ఆయన, మిగిలిన నలుగురినీ కూడగట్టాడు. ఆదివారాలు మేం ఖాళీ ఇళ్ళ ముందు పిచ్చిమొక్కలు పీకేవాళ్ళం, విరిగిన కిటికీలకు చెక్కలు కొట్టేవాళ్ళం. బొత్తాలమ్మ ఫ్యాక్టరీలో మిగిలిన గుడ్డలు తెచ్చి ఆ ఇళ్ళకు తెరలు కుట్టింది. ఎవరూ లేని ఇంటికి తెరలెందుకని ఒకరు నవ్వితే, "మనుషులు పోయారని ఇంటికి మానం కూడా పోవాలా?" అంది.

తెరలు చూసి దొంగలైతే తగ్గారు. వాన తగ్గలేదు. పెద్దామె ఇంటి పైకప్పులో నీళ్ళు దిగి దూలం పుచ్చిపోయింది. టార్పాలిన్ కట్టడానికి ఫ్యూజన్న ఎక్కినప్పుడు అది విరిగి, ఆయన కింద పడ్డాడు. కాలు అతికింది గానీ, కర్ర లేకుండా నడక మళ్ళీ రాలేదు.

బాగుచేయలేని ఇళ్ళను, యజమాని ఒప్పుకుంటే, కూల్చి ఆ స్థలం వీధికి ఇస్తామని మున్సిపాలిటీ వాళ్ళు అన్నారు. ఏ ఇళ్ళని తేల్చడానికి మూతపడ్డ బడి వరండాలో కూర్చున్నాం. అన్ని ఇళ్ళ మాటా వచ్చింది, ఆ ఇంటి మాట తప్ప. బొత్తాలమ్మే నోరు విప్పింది.

"మా అక్క ఇల్లు ముందు చెప్పండి. ఫ్యూజన్న కాలు పోయింది చాలదా? అక్కతో నేను మాట్లాడతాను."

మాట్లాడింది.

"కూల్చమని ఎవరన్నారు?" అంది పెద్దామె.

"నేనే అన్నానక్కా."

"నీ చేతుల్లో పెట్టి వచ్చాను కదే." అంతే, ఫోన్ పెట్టేసింది.

సంతకం పెట్టడానికి బావగారు ఒక్కరే వచ్చారు. బొత్తాలమ్మ మంచినీళ్ళిచ్చింది.

"అక్క రాలేదా బావగారూ?"

"చూడలేనంది." ఆయన గ్లాసు కింద పెట్టకుండా అలాగే పట్టుకున్నారు. "అమ్మాయ్, నీ దగ్గర దాచాం. తిరిగొచ్చే ఆశ మేం వెళ్ళిన ఏడాదే వదిలేసుకున్నాం. నువ్వు ఊడ్చానని చెప్పినప్పుడల్లా మీ అక్క ఏడ్చేది. ఈసారి చెప్పేస్తానని ఫోన్ తీసేది, నోరు రాక మానేసేది."

బొత్తాలమ్మ ఆయన చేతిలోని గ్లాసు తీసుకుంది. "మొదట్లో ఒక కుటుంబం వచ్చి ఆ ఇల్లు అద్దెకడిగారు బావగారూ. చంటిపిల్లతో వచ్చారు. మా అక్కొస్తుందని చెప్పి పంపించేశాను. వాళ్ళుండుంటే దూలం పుచ్చేదా?"

ఆయన సంతకం పెట్టి బస్సెక్కారు.

యంత్రం వచ్చింది. ఇల్లు పడటానికి పట్టుమని ఒక పూట పట్టలేదు. దుమ్ము అణిగాక నడిమి గోడ ఒక్కటే నిలబడింది. పెద్దామె వంటింటి ఆకుపచ్చ రంగు, పొయ్యి మసి, అల్మరా చెక్కలు ఊడిన గుర్తులు, అన్నీ నడివీధికి కనపడుతున్నాయి. వానలు ముదరకముందే పూత వేయించమని తాపీమేస్త్రీ చెబితే, బొత్తాలమ్మ "రేపు చూద్దాం" అంటూ వచ్చింది. చెమ్మ తన పక్కబట్టల దాకా దిగాక గానీ కబురు పెట్టలేదు. అతను అవతల సిమెంటు పూస్తుంటే, ఆమె ఇవతల వంటింట్లో పీట మీద కూర్చుంది, అన్నం కూడా వండుకోకుండా.

ఆ స్థలంలో మేం టమాటాలు, ఆకుకూరలు వేశాం. బొత్తాలమ్మ తన వంతు వస్తే వచ్చి నీళ్ళు పోసేది, కాయ మాత్రం ఇంటికి పట్టుకెళ్ళేది కాదు. ఫోన్ కోసం చూసి చూసి, ఒకనాడు తనే పట్నం వెళ్ళింది. తిరిగొచ్చాక అడిగాను.

"అన్నం పెట్టింది. తల దువ్వింది. వచ్చేటప్పుడు చీర పెట్టింది," అంది. "ఇంటి మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది తీసేస్తే మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు."

ఆ వారమే తన ముందు గది ఖాళీ చేసి సున్నం వేయించింది. ఎవరైనా కుటుంబం ఉంటానంటే ఊరికే ఇస్తానని, పైకప్పు బాగున్నప్పుడే మనుషులుండాలని మా అందరితో చెప్పింది. మేం తెలిసిన చోటల్లా చెప్పాం. బస్టాండు దగ్గర కాగితం కూడా అంటించాం.

ఏడాది దాటింది. ఇంకా ఎవరూ రాలేదు.