గుంటగలగర మీద నేను కప్పిన మట్టి

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం మొదలు. వరంగల్ శివారులో మాది చిన్న నర్సరీ. మిరప, టమాట, బంతి నారు పెంచి రైతులకిస్తాం. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిల్లోని విత్తువాని ఉపమానం, విత్తనాలు చల్లిన రైతు కథ, చెప్పేటప్పుడు, విత్తనాల సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసులే అనే గర్వం లోపల ఉండేది.

పరకాల దగ్గరి పల్లె నుంచి రాజవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి. కొంగు ముడి విప్పితే సన్నటి నల్ల గింజలు. గుంటగలగర. తడి ఉన్న గట్ల మీద దానంతటదే మొలిచే మొక్క. చామంతి జాతిదే కానీ తెల్లటి పువ్వు చొక్కా గుండీ అంత కూడా ఉండదు. తలనూనెల్లో వాడతారు. దాన్ని పంటగా వేస్తానంటే నవ్వాను. మేం కూలి ఇచ్చి పీకించే మొక్క అది.

ఆమె నవ్వలేదు. ఆమెకున్నది నీళ్లు నిలిచే అర ఎకరం పల్లపు భూమి. పత్తి వేస్తే ఏటా వేరు కుళ్లుతోంది. ఈసారి కూడా బీడు పడితే ఇటుక బట్టీ వాళ్లను మట్టి తవ్వుకోనిస్తానని కొడుకు తేల్చి చెప్పాడట. పైమట్టి పోయాక ఆ భూమిలో ఇక ఏదీ పండదు. నూనె తయారుచేసే ఒకాయన ఎండబెట్టిన మొక్క కొంటానన్నాడు, నారు పోసిస్తే చాలంది.

ప్రోట్రేలలో, అంటే గుంతలున్న ప్లాస్టిక్ పళ్లేల్లో, మిరపకు చేసినట్టే గింజలు పెట్టి, పైన కోకోపీట్ కప్పాం. కోకోపీట్ అంటే కొబ్బరి పొట్టు. పది రోజులైనా ఒక్కటీ లేవలేదు. ఫోన్ చేసి, నీ విత్తనం తాలు అవ్వా అని చెప్పేశాను. మళ్లీ ఏరుకొస్తానంది.

నాలుగు రోజులు గట్ల వెంట తిరిగి, ఎండిన పూలు నలిపి గింజలు తెచ్చింది. ఈసారి ఇంకాస్త మందంగా కప్పాను. ట్రేల మీద చేతులుంచి ప్రార్థన చేశాను. అయినా మొలవలేదు.

ఓ ఉదయం రాజవ్వే వచ్చింది. కొడుకు బట్టీ ఆయనకు పొలం చూపించాడని చెబుతూ, ట్రేలు నింపే బల్ల పక్కన కూలబడింది. అక్కడ తడి నేల మీద రవ్వంత మొలకలు గుంపుగా ఉన్నాయి. మా పనామె ఎల్లమ్మ, అవి కలుపు, ఇప్పుడే పీకేస్తానని వంగింది.

"పీకకు. ఇవి నావే," అంది రాజవ్వ. తర్వాత నా వైపు తిరిగి, "గట్ల మీద దీనికి మట్టెవలు కప్పుతరు బిడ్డా? రాలిన కాడ్నే మొలుస్తది. నువ్వేమో పూడ్చి పెడితివి."

వెలుతురు తగిలితేనే మొలిచే గింజ అది. ట్రేలు నింపేటప్పుడు చేతుల్లోంచి జారినవి మొలిచాయి, నేను జాగ్రత్తగా పెట్టినవి చీకట్లో ఆగిపోయాయి. మిగిలిన గింజల్ని తడి మడి మీద ఊరికే చల్లి, సన్నగా నీళ్లు చిలకరించాం. వారంలో మడంతా పచ్చబడింది.

నారు తీసుకోవడానికి వచ్చిన రోజు ఆమె చేతులు పట్టుకున్నాను. దేవుని ముందు తప్పు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మనిషి ముందు మాత్రం అలవాటు లేదు.

"నీ విత్తనం మంచిదే అవ్వా. తప్పు నాది. మన్నించు."

"తాలంటివి సూడు, ఆ పొద్దు నీ మీద మస్తు కోపమొచ్చింది," అంది నవ్వుతూ. "ఆ ముచ్చట మావోనికి చెప్పలే. చెప్తే ఆనాడే ట్రాక్టర్ దించుతుండె."

తెలిసినదానిలా నేనన్న ఒక్క మాటను ఆమె తన లోపలే దాచుకోబట్టి ఆ భూమి మిగిలింది.

నాట్లప్పుడు నేనూ వెళ్లాను. కొడుకు తల్లి వెనకే వంగి నారు నాటుతున్నాడు. సాలు వంకరపోయిందని ఆమె అతన్ని తిడుతూనే ఉంది.

మొలక రానప్పుడు నేనిప్పుడు రైతుకు వెంటనే ఫోన్ చేయను. ముందు ట్రే ముందు కూర్చుని, ఈ గింజకు నేనేం అడ్డం పెట్టానో చూపించు ప్రభువా అని అడుగుతాను. చాలాసార్లు ఏదో ఒకటి కనబడుతుంది.