మంజీర ఒడ్డున యాదమ్మక్క కండ్లు

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఇస్నాపూర్ చౌరస్తాల సంగారెడ్డి బస్సెక్కినం. నేనూ, మా పక్క గదిల కిరాయికుండే యాదమ్మక్క. ఇద్దరం ఒకటే మందుల కంపెనీల పనిచేస్తం. బెల్టు మీద వచ్చే గోలీలల్ల పగిలినయి, రంగు మారినయి ఏరుడు అక్క పని. కుడికంట్ల శుక్లం వచ్చి మూడు నెలలు ఇంటికాడనే ఉన్నది. ఆపరేషన్ అయింది. తెల్లారితే డ్యూటీకి పోవాలె. "పాతలెక్క కనబడకపోతె ఏం జేద్దునే?" అని వారం నుంచి ఒకటే పరేషాన్. మంజీర అభయారణ్యం చూసొద్దాం రమ్మని నేనే బయలెల్లదీసిన.

ఆధార్ కార్డులు చూపించి, ఆడోళ్లకు పైసల్లేకుంట ఇచ్చే జీరో టికెట్లు తీసుకున్నం. పక్క సీట్ల కూరగాయల గంపతోని కూసున్న పెద్దమ్మ మేం పోయే జాగ విని నవ్వింది. "మేం బర్లను తోలుకపోతె మొసలి కనబడొద్దని మొక్కుతం. మీరు కనబడాలని పోతున్రా!"

ఏడున్నరకు సంగారెడ్డిల దిగి ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నం. ఎనిమిదిన్నరకు గేటు కాడ ఉన్నం. లోపలికి నడిస్తే చెట్ల నీడ, జమ్ము, దాని ఎనుక తళతళ నీళ్లు. నీటికాకులు రెక్కలు ఇప్పుకొని ఎండకు ఆరబెట్టుకుంటున్నయి. మల్లయ్య అనే ముసలి వాచర్ మా ఎంబడి వచ్చిండు. గంట తిరిగినా మొసలి జాడలేదు.

"ఇయాల చలి ఎక్కువ. బయటికి రాలేదమ్మా" అన్నడాయన.

అక్క ఒడ్డున ఆగింది. అరచెయ్యితోని ఎడమకన్ను మూసుకొని, ఆపరేషన్ అయిన కంటితోనే నీళ్లల్ల ఉన్న బండలకెల్లి చూసింది.

"గా రెండో బండకు కన్నున్నదే" అన్నదామె మెల్లగ.

మల్లయ్య దుర్బీను పెట్టి చూసిండు. "అరే, మొసలే! నేను బండే అనుకుంటినమ్మా!"

నాకు ఇంకా కనబడలే. అక్క నా గదుమ పట్టి అటు తిప్పింది. అప్పుడు ఆ బండ నోరు తెరిచింది. నేను కెవ్వుమన్న, అక్క పకపక నవ్వింది. ఇగ ఆమెను ఆపేటోళ్లు లేరు. దీవి మీది తుమ్మచెట్లల్ల, గులాబీ రెక్కల పెద్ద కొంగలు పిల్లల నోట్లె చేపలు పెడుతున్నయి. "గా గూట్ల మూడు, గీ గూట్ల రెండు" అని పిల్లలను లెక్కబెట్టుకుంట కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది.

"రేపు ఏరుతవా అక్కా?" అన్న.

"జల్దీ బోయి మొదటి బెల్టు కాడనే నిలబడ్త!"

పోదల్చుకున్నోళ్లు పొద్దుగాల్నే పోండ్రి. తాగనీకి నీళ్లు, తిననీకింత కట్టుకపోండ్రి. మేం చెట్టుకింద జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నం. మూడింటికి సంగారెడ్డిల తిరుగు బస్సు దొరికింది. కిటికీల నుంచి కంపెనీల పొగగొట్టాలు మళ్ల మొదలైనయి. ఇన్నేండ్లు మా నల్లాల వచ్చేది మంజీర నీళ్లే అని తెలుసు. మొసళ్ల ఈపు తడిపి, కొంగపిల్లల కడుపు నింపి మా బిందెలదాక వస్తున్నయని మాత్రం ఆ దినమే చూసిన.